మార్వెలిన్‌కి నేర్పిన జవాబు

మార్వెలిన్ హెబ్బర్ట్ ఓడెక్కకూడదు. తన వరండా మెట్లెక్కి ఆమె వచ్చిన మొదటి బుధవారమే బర్నెల్ టింకమ్ ఆ సంగతి తేల్చుకున్నాడు. ఆమెతో మాత్రం అనలేదు. "ఆ చివర కూర్చో. బెంచీ కాలు ఊగుతుంది, చూసుకో" అన్నాడంతే.

పెర్ల్ లగూన్ అనే ఆ సముద్రతీరపు ఊళ్ళో ఓడెక్కడమంటే ఏ ఓడ అని ఎవరూ అడగరు. షికారు ఓడలు, పన్నెండేసి అంతస్తులవి. వాటిలో పరాయి దేశాలవాళ్ళ పక్కలు సర్దడానికి, ప్లేట్లు కడగడానికి ఎనిమిది నెలలో తొమ్మిది నెలలో కాంట్రాక్టు మీద పోవడం. ఆ ఊళ్ళో కొత్త రేకుల కప్పు కనిపిస్తే ఆ ఇంట్లోంచి ఓడెక్కిన మనిషి ఒకరున్నారని లెక్క. బర్నెల్ ఇరవై రెండేళ్ళు ఓడ అడుగు అంతస్తులో, ఎండ మొహం చూడని లాండ్రీ గదిలో తువ్వాళ్ళు మడతపెట్టాడు. ఇప్పుడు అరవై ఒకటి. ఆరేళ్ళ కిందట భార్య పోయింది, పిల్లల్లేరు. బుధవారం, శనివారం మధ్యాహ్నాలు తన వరండాలో, ఓడలకి పనివాళ్ళని ఎంచే ఏజెన్సీ ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకి ఇంగ్లీషు నేర్పుతాడు. ఫీజు అడగడు. ఒకరు కొబ్బరి రొట్టె తెస్తారు, ఇంకొకరు చేపలు తెస్తారు. తీసుకుంటాడు. తీసుకుని థాంక్స్ చెప్పే అలవాటు లేదు.

నిజానికి ఆ ఊళ్ళో అందరికీ పుట్టుకతో వచ్చింది ఇంగ్లీషే. అమ్మ తిట్టేది అందులోనే, పాస్టరు దీవించేది అందులోనే. కానీ అది లగూన్ ఇంగ్లీషు. ఇంట్లో, పడవలో, చావు ఇంటి దగ్గర పనికొస్తుంది. ఏజెన్సీ ఆవిడ ముందు దాన్ని తీస్తే, రొయ్యల బుట్ట తెచ్చి ఆమె టేబుల్ మీద బోర్లించినట్టే అని బర్నెల్ నమ్మకం. ఊరి నమ్మకం కూడా అదే. అందుకే పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషని చెప్పులతో పాటు మెట్ల దగ్గర వదిలేసి, పదమూడు మంది ఆయన వరండాలో మళ్ళీ మొదటినుంచి మాట్లాడ్డం నేర్చుకుంటున్నారు.

"లీవ్ పక్కన ఎవరు కూర్చుంటారు?"

"హోమ్!"

"ఇంకా?"

"జాబ్!"

"ఛేంజ్‌కి ముందు?"

"మేక్!"

"డూ అన్నవాణ్ణి ఏం చేస్తారు?"

"పడవెక్కించి ఇంటికి తోలేస్తారు!"

"మాటలకి జతలుంటాయి" అనేవాడు బర్నెల్. "ఫ్రెష్‌కి స్టార్ట్. న్యూకి ఛాలెంజ్. మీ ఇష్టమొచ్చినదాన్ని తెచ్చి ఇష్టమొచ్చినదానికి కట్టబెడితే అవి కాపురం చెయ్యవు. ఆవిడ ముందు విడిపోతాయి. అప్పుడు మీ మొహాలు ఎలా ఉంటాయో నేను చూశాను."

కెన్సీ ఫాక్స్ చెయ్యెత్తాడు. ఇరవై రెండేళ్ళవాడు. మూడు వారాలుగా వస్తున్నాడు గానీ ఒక్క జత కూడా తలకెక్కలేదు. "టీచర్, మా అమ్మ రోజూ 'పో, నీ మొహం నాకు చూపించకు' అంటుంది. అది లీవ్ పక్కన కూర్చోదా?"

అందరూ నవ్వారు.

"అది మీ అమ్మ పక్కనే కూర్చోనీ. ఇంటర్వ్యూకి బ్లూఫీల్డ్స్ దాకా తీసుకెళ్ళకు."

ఏజెన్సీ ఆవిడ ఎన్ని ప్రశ్నలడిగినా, అసలైనవి రెండే. మొదటిది, ఇల్లు వదిలి ఎందుకు పోతున్నావు. దానికి అందరికీ ఒకటే జవాబు నేర్పాడు: జీవితంలో మార్పు కోసం, కొత్త సవాలు కోసం. రెండోది, నువ్వు ఓడమీదుండగా ఇంట్లో ఎవరికైనా ఏదైనా అయితే ఏం చేస్తావు. దానికి: నా కుటుంబాన్ని మంచి చేతుల్లో పెట్టి వచ్చాను, కాంట్రాక్టు పూర్తి చేస్తాను. "ఇన్ గుడ్ హ్యాండ్స్ అన్నప్పుడు నవ్వుండాలి. పళ్ళు కనబడాలి, చిగుళ్ళు కాదు. మళ్ళీ చెప్పండి."

ఆ జవాబు ఆయనకి కొత్తది కాదు. ప్రతి కాంట్రాక్టుకీ ముందు ఆయనా అదే చెప్పాడు. పళ్ళు కనిపించేలాగే చెప్పాడు.

ఆరేళ్ళ కిందట మార్చి నెలలో ఆయన భార్య ఐవ్లిన్ పోయింది. కడుపులో గడ్డ. ఊరి చిన్న ఆసుపత్రి, హెల్త్ పోస్టులో పనిచేసే మార్వెలిన్ రోజుకి రెండుసార్లు వచ్చి చూసేది. ఆఖరి వారం అక్కడే ఉండిపోయింది. హెల్త్ పోస్టులో ఫోనుంది. ఆ ఫోను పైన గోడకి, ఓడ కంపెనీ ఆఫీసు నంబరు అంటించి ఉంది. బర్నెల్ సెలవులకి వచ్చినప్పుడు తన చేత్తో రాసి అంటించిందే. ఐవ్లిన్ బతికుండగా ఎవరూ ఆ నంబరు నొక్కలేదు. ఓడ ఎక్కడో చలి సముద్రంలో ఉండగా, ఆమె పోయిన పదకొండో రోజున ఒక ఆఫీసరు ఆయన్ని పైకి పిలిపించి, కుర్చీ చూపించి, కబురు చెప్పాడు. అప్పటికి ఆమెని పాతిపెట్టేశారు. పోయినవాళ్ళ కోసం తొమ్మిదో రాత్రి ఊరంతా కూర్చుని పాడే పాటలు కూడా అయిపోయాయి. ఎరువు తెచ్చిన బెంచీలు ఎవరివి వాళ్ళకి చేర్చేశారు. ఇప్పుడు వెళ్ళి చేసేదేముంది అనుకున్నాడు. మిగిలిన రెండు నెలలూ తువ్వాళ్ళు మడిచి, కాంట్రాక్టు పూర్తి చేసే ఇంటికి వచ్చాడు.

ఫోను ఎందుకు చెయ్యలేదని మార్వెలిన్‌ని ఆయన ఎన్నడూ అడగలేదు. అడిగితే ఆమె ఏదో ఒకటి చెప్పుకునే వీలు దొరుకుతుంది. ఆ వీలు ఆమెకి ఇవ్వదలుచుకోలేదు. దారిలో ఎదురైతే ఆమె "గుడ్ మార్నింగ్, మిస్టర్ బర్నెల్" అనేది. ఆయన టోపీ ముట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఆరేళ్ళు అలాగే నడిచాయి.

అటువంటి మనిషి సీమపనస వేపుడు పొట్లం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. అందరూ వెళ్ళాక ఆమెని ఆపాడు.

"నీకెందుకు ఓడ?"

"ఆగస్టులో నాకు ముప్పై నిండుతాయి, మిస్టర్ బర్నెల్. ముప్పై దాటితే కొత్తవాళ్ళని తీసుకోరంట. జూన్‌లో ఏజెన్సీ ఆవిడ వస్తోందిగా. నాకిదే ఆఖరు."

"ఎప్పుడని అడగలేదు. ఎందుకని అడిగా."

ఆమె బెంచీ మీద పొట్లాన్ని అటూ ఇటూ జరిపింది. "ఈ ఊళ్ళో పోయే ప్రతి మనిషికీ ఆఖరి నీళ్ళు నేనే పోస్తున్నా. స్నానం నేనే చేయిస్తున్నా, కళ్ళు నేనే మూస్తున్నా. ముసలాళ్ళు నన్ను చూస్తే తలుపేసుకుంటున్నారు. మిస్ ఒలీవ్ అయితే 'ఇంకా టైమవలేదే తల్లీ, తర్వాత రా' అంది. నవ్వుతూనే అందిలే. నాకు నవ్వు రాలేదు."

"పిల్ల?"

"తొమ్మిదేళ్ళు. మా అమ్మ దగ్గరుంటుంది."

"వాళ్ళ నాన్న?"

"కార్న్ ఐలండ్‌లో ఇంకో కాపురం. మీకు తెలుసుగా."

తెలుసు. పొట్లం తీసుకుని లోపల పెట్టి వచ్చాడు. వచ్చేలోపే ఆలోచన పూర్తయింది.

"చూడు. నీది వేరే కేసు. నువ్వు రోగుల్ని చూసిన మనిషివి. నీలాంటిది వెళ్ళి కాంట్రాక్టు, కాంట్రాక్టు అంటే ఆవిడకి రాయిని చూసినట్టుంటుంది. ఇంట్లో ఏదైనా అయితే ఏం చేస్తావని అడిగితే, నువ్వు ఇలా చెప్పు." ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "ఐ విల్ డ్రాప్ ఎవ్రీథింగ్ అండ్ గో హోమ్."

"అన్నీ వదిలేసి ఇంటికెళ్ళిపోతానని చెప్పాలా?"

"అవును."

"అలా అంటే తీసుకుంటారా?"

"ఇరవై రెండేళ్ళు ఓడలో ఉన్నది నువ్వా, నేనా?"

ఆమె తలూపింది. ఆ మాట అన్నవాణ్ణి ఆయన ఒకసారి ఇంటర్వ్యూలో చూశాడు. తన పక్క కుర్చీలోనే కూర్చున్న మంకీ పాయింట్ ఊరి కుర్రాడు. తల్లికి బాగోలేదంటే వచ్చేస్తానన్నాడు. అప్పటి ఏజెన్సీ ఆయన ఫైలు మూసి, దాన్ని కుర్రాడి వైపే తోశాడు. అలా తోసినప్పుడు టేబుల్ మీద అట్ట చేసిన చప్పుడు బర్నెల్‌కి ఇప్పటికీ గుర్తే.

"ఇంకోటి. ఇది ఎవరికీ చెప్పకు. చెప్పావంటే పదమూడు మందీ ఇదే పాట పాడతారు."

"చెప్పను."

ఆ తర్వాత ఆరు వారాలు, క్లాసు అయ్యాక ఆమెని పావుగంట ఉంచి ఆ ఒక్క వాక్యం సాన పట్టాడు. మిగతావాళ్ళకి అంత ఓపిక ఎప్పుడూ చూపించలేదు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెప్పాడు. ఎక్కడ ఆవిడ కళ్ళలోకి చూడాలో చెప్పాడు. తప్పు చెబితే విసుక్కోలేదు. "మీరు కసురుకుంటారని ఊళ్ళో అంతా చెప్పారు. నాకేం అలా అనిపించలేదు" అంది మార్వెలిన్ ఒకరోజు. ఆయన చొక్కా గుండీ పెట్టుకుంటూ "మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఇంటర్వ్యూకి పది రోజులుందనగా, శనివారం, ఆయన వెనక వాకిట్లో కర్రపెండలం చెక్కు తీస్తుంటే ఆమె వచ్చింది. జడలు కొత్తగా అల్లించుకుంది. ఊళ్ళో ఓడెక్కేవాళ్ళు చేసే మొదటి పని అదే.

"మిస్టర్ బర్నెల్, పదిహేను రోజుల్లో బయల్దేరగలిగినవాళ్ళే రావాలన్నారుగా. నిన్న హెల్త్ పోస్టులో రాజీనామా ఇచ్చేశా."

కత్తి ఆగింది. "అప్పుడే ఎందుకు?"

"నెల ముందు చెప్పాలంట. డాక్టరుగారిని బతిమాలితే, వేరే మనిషి దొరికితే వెంటనే వదుల్తానన్నారు. పక్కూరు హాలోవర్ అమ్మాయి ఒకతె దొరికింది. సోమవారం నుంచి ఆ పిల్లే." నవ్వింది. "ఇంక వెనక్కి చూసే పని లేదు."

చెక్కు తీసిన దుంప నీళ్ళలో వేశాడు. ఇంకో దుంప తీసుకున్నాడు. చెప్పాలంటే ఇదే సమయం. జవాబు మారుద్దాం, నేను మళ్ళీ ఆలోచించాను, అంటే సరిపోతుంది. ఎందుకని కూడా ఆమె అడగదు. పది రోజులు చాలు. కెన్సీలాంటి మొద్దుకి తప్ప ఎవరికైనా చాలు.

ఐవ్లిన్ గోరీ మీద సిమెంటు ఆరిపోయాక చూశాడు తను. దాని మీద ఏదో పిల్లి నడిచిన గుర్తులున్నాయి.

"జవాబు ఒకసారి చెప్పు" అన్నాడు.

చెప్పింది. ఒక్క మాట తడబడలేదు.

"బాగుంది. ఎవ్రీథింగ్ దగ్గర తొందరపడకు."

ఇంటర్వ్యూ రోజున పదమూడు మందీ తెల్లవారే పంగా ఎక్కారు. పంగా అంటే బ్లూఫీల్డ్స్ దాకా నీళ్ళని కోసుకుంటూ గంటలో తీసుకెళ్ళే పొడుగాటి మోటారు పడవ. అందరి ఒళ్ళోనూ ప్లాస్టిక్ సంచుల్లో ఇస్త్రీ బట్టలు. అందరి పెదాలూ కదులుతున్నాయి. మార్వెలిన్ పెదాలు మాత్రం కదలడం లేదు. ఆమెకి అవసరం లేదు.

సాయంత్రం నాలుగింటికి పడవ తిరిగొచ్చేసరికి బర్నెల్ రేవులో ఉన్నాడు. ఎప్పుడూ రాడు. ఇవాళ వచ్చాడు. మార్వెలిన్ తల్లి మిస్ జెల్మా కూడా గొడుగేసుకుని నిలబడి ఉంది, మనవరాలిని పక్కన పెట్టుకుని.

"నీ పిల్లలెలా చేసుంటారంటావు, బర్నెల్?" అంది ఆమె.

"ఎవరికి రాసిపెట్టింది వాళ్ళకి."

"అదేం మాట! నువ్వేగా రాసిపెట్టింది."

పడవ రేవు తగలకముందే కెన్సీ గెంతాడు. సగం నీళ్ళలో పడ్డాడు. లేచి చొక్కా పిండుకుంటూ అరిచాడు. "నాకొచ్చింది టీచర్! గిన్నెలు కడిగే పని! నాకొచ్చింది!"

వెనక దిగుతున్నవాళ్ళెవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే గట్టెక్కి బర్నెల్ చుట్టూ నిలబడ్డారు. అందరికంటే పొడగరి ఆల్టన్ బెంట్ ముందుకొచ్చాడు. ఎన్ని జతలు చెప్పినా ఒక్కటి మర్చిపోనివాడు, క్లాసులో మొదటివాడు.

"ఇద్దరంటే ఇద్దరే, మిస్టర్ బర్నెల్. పదమూడు మందిలో ఇద్దరు." ఇన్నాళ్ళూ టీచర్ అన్నవాడు ఇవాళ మిస్టర్ అన్నాడు.

"ఏమైంది?"

"ఏమైందా? మొదటివాడు మేక్ ఎ ఛేంజ్ అన్నాడు, ఆవిడ రాసుకుంది. రెండోవాడు అన్నాడు, రాసుకుంది. మూడో మనిషి అనేసరికి కలం కింద పెట్టేసింది. నా వంతు ఆరు. నేను నోరు తెరిచేలోపు మిగతాదంతా ఆవిడే చెప్పేసింది! మీరు నేర్పినట్టే. ఆ నవ్వుతో సహా. తర్వాత, 'మీ ఊళ్ళో అందరివీ మంచి చేతులేనా? మరి ఆ చేతులన్నీ నా ముందు కూర్చుంటే ఇంట్లో ఉన్నవి ఎవరివి?' అంది. నేనేం చెప్పాలి? దానికి మీరు జత చెప్పలేదుగా."

"మరి వీడు?" బర్నెల్ కెన్సీ వైపు చూశాడు.

"నాకన్నీ ఎగిరిపోయాయి టీచర్" అన్నాడు కెన్సీ, ఇంకా చొక్కా పిండుతూనే. "ఎందుకు పోతున్నావంటే, మా అమ్మ గోల పడలేక అన్నా. మన మాటల్లోనే అన్నా. ఆవిడ నవ్వి నవ్వి నీళ్ళు తాగింది. వాళ్ళమ్మ కూడా అంతేనంట."

"రెండోది మార్వెలిన్" అంది వెనకనుంచి ఎవరో.

మార్వెలిన్ అప్పటికే తల్లి గొడుగు కిందుంది. కూతురు నడుం పట్టుకుని వేలాడుతోంది. బర్నెల్‌ని చూసి జనం మధ్య నుంచి వచ్చింది. కళ్ళు తడిగా ఉన్నాయి.

"మీ జవాబే, మిస్టర్ బర్నెల్. అన్నీ వదిలేసి ఇంటికెళ్తాననగానే తలెత్తి చూసింది. 'పొద్దుటినుంచి ఈ మాట అన్న మొదటి మనిషివి నువ్వు' అంది. నీ చేతికింద రోగి ఉంటే ఏం చేస్తావంది. ఇంకొకరికి అప్పజెప్పి, అప్పుడు వెళ్తానన్నా. ఓడ ఆసుపత్రిలో పని. ముసలి ప్రయాణికుల్ని చూసుకోవాలంట." గొంతు సవరించుకుని నవ్వింది. "మళ్ళీ ముసలాళ్ళే. పోనీలెండి, వీళ్ళు నన్నెరగరు."

బర్నెల్ టోపీ ముట్టుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ చేసిన పని అది.

ఆల్టన్ ఆయన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఆమెకి వేరే జవాబు ఇచ్చారన్నమాట."

మిగతావాళ్ళు ఇంకా దగ్గరికి జరిగారు.

"పన్నెండు మందికి పాతది పడేసి, మంచిది దాచి ఆమెకిచ్చారు. క్లాసయ్యాక రోజూ పావుగంట దేనికోననుకున్నాం. చేపలు మావి, రొట్టె మాది. జవాబు మాత్రం ఆమెకా?"

"నోర్ముయ్, ఆల్టన్" అంది మిస్ జెల్మా.

"నేనెందుకు మూసుకోవాలి? ఆడతోడు లేని ఇల్లు. కారణమేంటో అందరికీ తెలుసు."

రేవులో నలుగురు నవ్వారు. బర్నెల్ వాళ్ళ మొహాలు చూశాడు. ఇప్పుడు నిజం చెప్పేస్తే ఈ నవ్వు ఆగిపోతుంది. దాని తర్వాత వచ్చేది ఈ నవ్వు కంటే మంచిదేమీ కాదు. ఇంటిదారి పట్టాడు.

బుధవారం ఎవరూ రాలేదు. శనివారం కెన్సీ వచ్చి, కొబ్బరి రొట్టె ఇచ్చి, మిగతా పదకొండు మందీ హాలోవర్‌లో ఇంకెవరి దగ్గరికో వెళుతున్నారని చెప్పాడు. "అక్కడ మీ గురించి ఏమంటున్నారో చెప్పమంటారా?" అన్నాడు ఉత్సాహంగా. వద్దన్నాడు. అయినా చెప్పేసి వెళ్ళాడు.

ఓడెక్కేవాళ్ళని, బయల్దేరేముందు వచ్చే ఆదివారం, ఊరి మొరావియన్ చర్చిలో ముందుకి పిలుస్తారు. ఇది ఆ ఊరి ఆనవాయితీ. వెళ్ళే మనిషి అందరి ముందూ నిలబడి, తన ప్రయాణానికి ఎవరు సాయపడ్డారో పేరు పేరునా చెప్పాలి. పేరు వినిపించిన వాళ్ళు లేచి నిలబడాలి. పాస్టరు అందరినీ కలిపి దీవిస్తాడు. కెన్సీ వాళ్ళమ్మ పేరు చెప్పాడు. ఆమె లేచి, కొడుకు చొక్కా కాలరు మడత పడిందని అక్కడినుంచే తిట్టింది. మార్వెలిన్ తల్లి పేరు చెప్పింది, డాక్టరు పేరు చెప్పింది. తర్వాత "మిస్టర్ బర్నెల్ టింకమ్" అంది. "నా మీద కోపముండాల్సిన మనిషి ఆయన. ఆ కోపం పక్కనపెట్టి, నాకోసం అందరికంటే ఎక్కువ కష్టపడ్డారు."

వెనక బెంచీల్లో దగ్గులు వినిపించాయి. బర్నెల్ లేచి నిలబడ్డాడు. పాస్టరు చెయ్యెత్తి దీవిస్తున్నంతసేపూ నిలబడే ఉన్నాడు. ఐవ్లిన్‌ని ఇదే చర్చిలోంచి మోసుకెళ్ళారు. ఏ తలుపులోంచి మోసుకెళ్ళారో కూడా ఆయనకి తెలియదు. దీవెన అయ్యీ కాకముందే బయటికొచ్చేశాడు. మర్నాడంతా ఏమీ తినబుద్ధి కాలేదు. తిట్టు పడి ఉంటే మోసేవాడు. ఇరవై రెండేళ్ళు ఆఫీసర్ల తిట్లు మోసిన మనిషి. ఆమె చెప్పిన థాంక్స్ మాత్రం మొయ్యలేకపోయాడు.

మంగళవారం పొద్దున ఆరింటికి రేవుకెళ్ళాడు. పంగాలో సామాన్లు సర్దుతున్నారు. మార్వెలిన్ నీలం సంచి పక్కన నిలబడి ఉంది. తల్లీ పిల్లా అల్లం రొట్టె కొనడానికి కొట్టు దగ్గరికెళ్ళారు. ఆమె ఆయన్ని చూసి సంచి పట్టుకుని ఎదురొచ్చింది.

"వస్తారనుకున్నా."

"ఒక మాట చెప్పి పోతా. ఆ జవాబు నువ్వు నెగ్గాలని ఇవ్వలేదు. ఓడిపోవాలని ఇచ్చా."

ఆమెకి అర్థం కాలేదు.

"ఆ మాటన్నవాళ్ళని తీసుకోరు. నాకు తెలుసు, కళ్ళారా చూశా. నువ్వు పోగొట్టుకోవాలనే నేర్పా. ఆవిడకి ఆ రోజు బుర్ర తిరిగింది, నీ అదృష్టం. చర్చిలో నా పేరు చెప్పావు. వెనక్కి తీసుకో."

మార్వెలిన్ సంచి పట్టీ వదిలేసింది. "నేను ఉద్యోగం వదిలేశానని చెప్పానే. మీరు దుంపలు చెక్కుతున్నారు."

"అవును."

"అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

"ఓహో" అంది. తర్వాత ఇంకోసారి, ఇంకా మెల్లగా, "ఓహో" అంది. ఆమె కేకలేస్తుందని చూశాడు. వెయ్యలేదు.

"ఫోను చెయ్యలేదనేగా?"

"ఇంకేముంది మన మధ్య?"

"మిస్ ఐవ్లిన్‌కి మాటిచ్చి ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నా. మీకు నొప్పి కలుగుతుందని కూడా మూసుకున్నా. ఇంక నాకెందుకు?" చెప్పేటప్పుడు ఆమె గొంతు హెల్త్ పోస్టులో మందు ఎన్నిసార్లు వేసుకోవాలో చెప్పే గొంతులా ఉంది. "ఫోను చెయ్యడానికి లేచా. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. 'చెయ్యకు. చేసినా రాడు. చెయ్యకపోతే, పాపం తెలియక రాలేదు అనుకుంటూ పోతా. నన్ను అలా పోనీ' అంది."

బర్నెల్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేను నమ్మలేదు. ఎలా రారు, వస్తారు అన్నా. ఆవిడ నవ్వింది. మీకు కబురందాక రెండు నెలలుండి వచ్చారు చూడండి, ఆరోజు నమ్మా."

పడవవాడు చెయ్యూపాడు. "ఏయ్ పిల్లా, ఎక్కుతావా, నీ బదులు ఆ ముసలాయన్ని ఎక్కించుకోనా?"

"వస్తున్నా!" అని అరిచి మార్వెలిన్ సంచి భుజానికేసుకుంది. "మీరిచ్చిన జవాబు మీకు అబద్ధం, మిస్టర్ బర్నెల్. నాకు కాదు. నా పిల్లకి ఒంట్లో బాగోలేదని కబురొస్తే, ఓడ ఏ నీళ్ళ మీదున్నా సరే, దిగి వచ్చేస్తా. ఏజెన్సీ ఆవిడ మొహం చూస్తూ అదే చెప్పా. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మీరు చెప్పింది అప్పుడు గుర్తు కూడా రాలేదు."

కొట్టు వైపునుంచి తల్లీ పిల్లా పరిగెత్తుకొచ్చారు. పిల్ల ఏడవలేదు. రొట్టె పొట్లం మార్వెలిన్ చేతిలో పెట్టి, తన వాటా ముక్క ముందే విరిచి తీసుకుంది. మార్వెలిన్ దాని నుదురు ముద్దుపెట్టుకుంది, తల్లిని గట్టిగా పట్టుకుంది. బర్నెల్ వైపు చూడకుండా పడవెక్కింది. కెన్సీ అప్పటికే ముందు వరసలో కూర్చుని, రేవులో ఉన్నవాళ్ళందరికీ చేతులూపుతున్నాడు. మోటారు అందుకుంది. నీళ్ళు గట్టుని రెండుసార్లు కొట్టాయి. పడవ మడచెట్ల మలుపు తిరిగింది.

మిస్ జెల్మా మెడకి చుట్టుకున్న గుడ్డతో కళ్ళు తుడుచుకుని ఆయన పక్కకొచ్చి నిలబడింది.

"అంతసేపు ఏమంది నీతో నా కూతురు?"

"వెళ్ళేవాళ్ళు అందరూ అనేదే" అన్నాడు బర్నెల్.

ఆమె తలూపింది. నమ్మినట్టే ఉంది.